రవీంద్రుని జాబులు, వ్రాతప్రతులు – మదనపల్లె పుట



ఈ సంవత్సరపు వార్షిక మహాసభ గుడుపల్లెయందు జరుగుచున్నందున, ఈ యూరివారమగు మమ్ము సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గమువారు కోరిరి. వాడుక ప్రకారమైతే మన కులముయొక్క పుట్టుపూర్వోత్తరములను గూర్చియో, గోత్రములను గూర్చియో, పూర్వరాజులు మనవారికొసగిన బిరుదములను గూర్చియో వ్రాయవలసియుండెను. అట్టి వ్యాసములు వెనుకటి సంచికలలో కావలసినన్ని కలవు. వానిలో సగము ఒకదానిని జూచి మఱియొకటి వ్రాయబడినవే యని చెప్పినచో మిత్రులు కోపింపకుందురు గాక. ఆ సగములో మేము వ్రాసినదియు నొకటి యున్నది. పోయిన యేటి సంచికను చేతబట్టుకొని, పట్టణమున చదువుకొనుచున్న యొక చిన్నవాడు మా యింటికి వచ్చి, "తాతా, ఈ బిరుదము మనకిచ్చినట్లు చెప్పు కాగిత మెక్కడ నున్నది?" అని యడిగెను. కాగితము లేదు. ఉన్నదని పెద్దలు చెప్పగా వింటిమి. ఆ పెద్దలును వినియే చెప్పిరి.

ఆ ప్రశ్న మమ్ము వదలలేదు. కాగితములు నిలిచినచోట చరిత్ర యెట్లుండును, నిలువనిచోట నది యేమగును అని యోచించుచుండగా, ఎవని కాగితములను మనదేశమువారు మిక్కిలి శ్రద్ధతో నిలుపుకొనిరో యట్టి యొక గ్రంథకర్త మా మనస్సునకు తోచెను. ఆయన రవీంద్రనాథ ఠాగూరుగారు. కవియనియే మనవారాయనను స్మరింతురు గాని, "చోఖేర్ బాలి", "గోరా", "ఘరే బాయిరే", "యోగాయోగ్" మున్నగు నవలలు వ్రాసిన మహానవలాకారుడు కూడ నాయనయే. వంగదేశపు నవలాకారుని కాగితములకును గుడుపల్లె సభకును సంబంధమేమని చదువరు లడుగవచ్చును. ఆ కాగితములలో మిగుల ప్రసిద్ధికెక్కిన పుటలలో నొకటి మన మదనపల్లెలో వ్రాయబడెను. అంతకంటె దగ్గఱి సంబంధము మఱియొకటి కలదు. దానిని కడపట చెప్పెదము.

పలమనేరు, పుంగనూరు మీదుగా మదనపల్లెకు పోయినవారు అచ్చటి దివ్యజ్ఞాన కళాశాలను చూచియే యుందురు. 1915 సంవత్సరమున అనీ బెసెంటమ్మగారి పూనికచే నది వెలసెను. హోంరూలు ఉద్యమము నాటికి ఆమెయే అడయారునందు జాతీయ విశ్వవిద్యాలయమొకటి స్థాపింపగా, మదనపల్లె కళాశాల దానికి అనుబంధమయ్యెను. ఆ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరుగా నుండుట కంగీకరించినవారు ఠాగూరుగారే. కళాశాలాధ్యక్షుడు జేమ్స్ కజిన్స్ ఐర్లండు దేశీయుడగు కవి. ఆయన భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతమున పట్టము పొందిన విదుషి. 1917లో భారత మహిళా సంఘమును నెలకొల్పినవారిలో నొకతె.

1919 తొలినెలలలో ఠాగూరుగారు బెంగుళూరు మొదలుకొని దక్షిణదేశమున పలుతావుల నుపన్యాసము లిచ్చుచు తిరిగి, ఫిబ్రవరి నెల చివర మదనపల్లె చేరి కజిన్స్ దంపతులయొద్ద కొన్నినాళ్లు విశ్రమించిరి. ఒకనాటి సాయంకాలము విద్యార్థులు గుమిగూడి పాటలు పాడుకొనుచుండ, ఆయనయు నొక వంగగీతము పాడిరి. పాట చివరి జయజయధ్వానమును రెండవ చరణమునకే విద్యార్థులు పట్టుకొని గొంతుకలిపిరట. ఆ గీతమే జనగణమన. అర్థము తెలిసికొనగోరిన యచ్చటివారికొఱకు ఆయన దానిని తామే ఆంగ్లమున వ్రాసి, "ది మార్నింగ్ సాంగ్ ఆఫ్ ఇండియా" అని పేరిడి, క్రింద సంతకముచేసి, మదనపల్లె యని యూరిపేరును 1919 ఫిబ్రవరి 28 అను తేదీని వేసిరి. మార్గరెట్ కజిన్స్ ఆ రాగమును పాశ్చాత్య స్వరలిపియందు వ్రాసిపెట్టెను. ఈ ముచ్చటను దంపతులిరువురు కలిసి వ్రాసి 1950లో ప్రకటించిన తమ జీవితచరిత్రలో చెప్పియున్నారు. ఆ 1950 జనవరి 24వ తేదీనే రాజ్యాంగసభ ఆ గీతమును జాతీయగీతముగా స్వీకరించుట యొక చిత్రమైన కూడలి.

ఆ పుటయొక్క ప్రతిరూపమును మేము పలుమాఱులు చూచితిమి. అక్షరములు కుదురుగా, కొంచెము వాలుగా నుండును. కవిత్వము మాట యటుంచుడు. మా కన్ను ప్రతిమాఱును పోయి నిలుచునది క్రిందనున్న యూరిపేరు మీదనే. ఒక మహాపురుషుడు మా యూరికి వచ్చెననియు, మా చెట్టుక్రింద కూర్చుండెననియు చెప్పుకొనని గ్రామము మన సీమలో నున్నదా? శ్రీరాములవారు మొదలుకొని గాంధీగారి వఱకు అందఱును అన్ని యూళ్లకును వచ్చినవారే. మదనపల్లెవారికి మాత్రము చెప్పుకొనవలసిన పని లేదు. వచ్చినవాడు తన చేతితోనే వ్రాసి పోయెను.

ఇక నా గీతమునే పట్టుకొని యొక జాబు కథ చెప్పవలసియున్నది. జనగణమన మొదట పాడబడినది 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో. అదే సమావేశమున, ఆ నెలలో భారతదేశమునకు విచ్చేసిన అయిదవ జార్జి చక్రవర్తిని స్తుతించుచు హిందీలో వేఱొక పాట పాడబడెను. తెల్లవారి ఆంగ్ల పత్రికలు కొన్ని ఈ రెంటిని కలగలిపి, ఠాగూరుగారు చక్రవర్తిని పొగడుచు పాట కట్టిరని ప్రకటించినవి. ఈ పొరపాటు మాట మెల్లగా వేరూని, ఇరువదియాఱేండ్ల తరువాత కూడ చెలామణి యగుచుండెను. 1937 నవంబరులో పులినవిహారి సేన్ గారు ఈ సంగతిని గూర్చి వ్రాయగా ఠాగూరుగారు బదులు వ్రాసిరి. సర్కారుకొలువులో నున్న మిత్రుడొకడు చక్రవర్తికి జయము పలుకుమని కోరగా తనకు ఆశ్చర్యమును, దానితోబాటు మనస్తాపమును కలిగెననియు, ఆ యుద్రేకముననే యుగయుగములుగా మనుష్యుల రథమును నడపు భాగ్యవిధాతకు జయము పలికితిననియు, ఆ సారథి యేనాటికిని ఏ జార్జియు కాజాలడనియు ఆ జాబు సారాంశము. సేన్ గారు జాబు నందుకొని చదివి పెరట పాఱవేసియున్నచో, నేటి వాదములలో మనకు మిగులునది 1911 నాటి పత్రికల పొరపాటు మాత్రమే. నేటికిని ఆ యపవాదును పలుకువారు లేకపోలేదు; వారికి చూపుటకు కాగితమున్నది.

కాని జాబులను గూర్చి మాకు మిక్కిలి నచ్చిన కథ "గోరా" నవలకు సంబంధించినది. ఇది కులసభవారు తప్పక వినదగినది కావున కొంచెము విస్తరించి చెప్పెదము.

ఆ నవల రామానంద ఛటర్జీగారి "ప్రవాసి" పత్రికలో 1907 మొదలుకొని మాసమాసము వెలువడి 1910లో పుస్తకమయ్యెను. గోరా యనువాడు కలకత్తా బ్రాహ్మణగృహమున పెరిగిన యువకుడు. తెల్లని మేను, బలిష్ఠమైన యాకారము, ఉఱుమువంటి కంఠము. ఆచారమన్నను కులమన్నను ప్రాణమిచ్చునంతటి పట్టుదల. క్రైస్తవస్త్రీ నొకతెను పనికి పెట్టుకొన్నదని తల్లి ఆనందమయి గదిలో నీరు త్రాగుటకైన సమ్మతింపడు. అట్టివాడు పల్లెలను చూడబోయి ఘోష్‌పురమను గ్రామము చేరెను. నీలిమందు దొరలకు తలయొగ్గని ముసల్మాను రైతుల గ్రామమది. పెద్దరైతు చెఱసాల పాలయ్యెను. వాని కుమారుని తెచ్చి తన యింట పెంచుకొనుచున్నవాడు ఊరనున్న ఒకే యొక హిందువు, మంగలి. ముసల్మాను బిడ్డను పెంచుచున్న మంగలియింట నీరు త్రాగనొల్లక గోరా దప్పికతో నెండలో నడచి, కులీనుడగు తహసీలుదారు బ్రాహ్మణుని యింటికి పోయెను. ఆ తహసీలుదారే రైతులను పీడించుచున్నవాడు. ఆచారము చెడకుండ నీరు త్రాగవలెనన్న దుర్మార్గుని యింట త్రాగవలెను. ధర్మము చేసినవాని యింట త్రాగినచో జాతి పోవును. ఇది ఎక్కడి లెక్కయని గోరాకు తోచి, వెనుదిరిగి మంగలియింటికే వచ్చి కుండ తోమించుకొని త్రాగెను. వంగసాహిత్యమున నింతకంటె పెద్ద ఘట్టములు పెక్కు కలవు. మాకీ ఘట్టమునకు మించినది కనబడదు.

కడపట తేలినదేమనగా, గోరా బ్రాహ్మణుడే కాడు; హిందువే కాడు. 1857 సిపాయి తిరుగుబాటునాడు ఆ యింట తలదాచుకొని, ప్రసవించి మరణించిన ఐర్లండు స్త్రీ బిడ్డ. ఏ గుడిలోనికి పోవుటకును తన కధికారము లేదని తెలిసిననాడు, దేశమంతయు నతనికి తనదయ్యెను. అతడు ప్రేమించిన సుచరిత యతనితో నిలిచెను. నవల యట్లు శుభముగా ముగియును.

మొదట నాయన తలంచిన ముగింపు వేఱని మన కెట్లు తెలిసెను? జాబు వలన. శాంతినికేతనమున ఆయనతో పనిచేసిన విలియం పియర్సన్ అను ఆంగ్లేయుడు "గోరా"ను ఆంగ్లమునకు తెనిగించుచు – తెనిగించుచు అన్న మాట యిచ్చట చెల్లదు గాని, మనవారికి వాడుక – సోదరి నివేదితకును ఈ నవలకును సంబంధమేమని యడిగెను. 1922లో ఠాగూరుగారు వ్రాసిన బదులు ఇట్లున్నది. షిలైదహాలో తమ యతిథిగా నున్నప్పుడు నివేదిత కథ చెప్పుమనగా, గోరా కథకు మిక్కిలి దగ్గఱిదైన కథ నొకదాని నప్పటికప్పుడు అల్లి చెప్పితిననియు, అందు గోరా పరదేశీయుడని తెలిసినతోడనే శిష్యురాలగు సుచరిత కూడ అతనిని నిరాకరించెననియు, అది విని నివేదితకు మిగుల కోపము వచ్చెననియు, ఆమె మనస్సున విషయము లోతుగా నాటుటకే అట్లు చెప్పితిననియు ఆయన వ్రాసిరి. నివేదితయు ఐర్లండుననే పుట్టినది. హిందూధర్మమును తనదిగా చేసికొని, కలకత్తా బోస్‌పాడా సందున బాలికలకు బడి పెట్టి, ఈ దేశమునకే దేహము ధారపోసిన ఆమెతో, నీవంటివానిని మావారు కడకు లోనికి రానీయరని ముఖమెదుట చెప్పినట్లయ్యెను గదా. ఆమె కోపించుటలో వింత లేదు.

ఈ యొక్క జాబు లేకున్నచో "గోరా" ముగింపు మనకొక సుఖాంతము మాత్రమే. జాబు చదివినపిమ్మట, ఆ సుఖాంతము వెనుక వ్రాయబడక మిగిలిన దుఃఖాంతము కూడ కనబడును. సమాజము నిజముగా నేమి చేయునో ఆయన నివేదితకు చెప్పిరి. ఏమి చేయవలెనో పుస్తకమున వ్రాసిరి. పియర్సన్ చేసిన ఆంగ్లానువాదము 1924లో మాక్మిలన్ వారు ప్రకటించిరి. పాపము, అప్పటికే ఆయన ఇటలీదేశమున రైలు ప్రమాదమున మరణించియుండెను. ఆయన కాలము చేసినను జాబు బ్రదికెను.

కాగితములు తమంతట తాము బ్రదుకవు. ఎవరో యొకరు పూనుకొనవలెను. ఠాగూరుగారు జమీ పనులకై షిలైదహా, షాజాద్‌పూర్, పతిసర్ గ్రామములందు పడవలో తిరుగుచున్న దినములలో, 1887 మొదలుకొని 1895 వఱకు, అన్నకుమార్తె ఇందిరాదేవికి విస్తారముగా జాబులు వ్రాసిరి. నదిలో నీరెక్కుట, రైతులు వచ్చి మొఱపెట్టుకొనుట, షాజాద్‌పూర్ కుఠీ క్రిందియంతస్తులో నున్న తపాలాఫీసు పోస్టుమాస్టరు సాయంకాలము వచ్చి కూర్చుండి కబుర్లు చెప్పుట మొదలైనవన్నియు వానిలో నున్నవి. ఆ బాలిక జాబులలో తనకు నచ్చిన భాగములను రెండు నోటుపుస్తకములలోనికి కుదురుగా నెత్తి వ్రాసికొని, పినతండ్రికి కానుకగా నిచ్చెను. నేడు లోకము చదువుచున్నది ఆ నోటుపుస్తకముల వలననే. 1912లో "ఛిన్నపత్ర" మను పేర ఠాగూరుగారే వానిని ప్రకటించిరి గాని, అప్పుడు తన చేతితోనే చాల భాగము కొట్టివేసిరి. సొంతవిషయము లనియో, లోకులకు పనికిరావనియో వారికి తోచియుండును. నోటుపుస్తకములలోని పాఠము నిండుగా 1960లో "ఛిన్నపత్రావళి"గా వెలువడెను. వ్రాసినవాడే కొట్టివేసినదానిని, ఎత్తివ్రాసిన బాలిక నిలిపెను. ఈ కొట్టివేత సంగతి చదువరులు కొంచెము జ్ఞాపకముంచుకొనవలెను.

కొట్టివేత యనగా మఱియొకటి. ఠాగూరుగారు వ్రాతప్రతులలో కొట్టివేసిన పంక్తులను అట్లే విడువక, గీతతో గీత కలిపి పక్షులుగను, పాములుగను, పేరులేని మృగములుగను చేసెడివారు. 1924లో అర్జెంటీనాదేశమున జబ్బుపడి విక్టోరియా ఒకాంపో అను విదుషి యాతిథ్యమున నున్నప్పుడు, "పూరబి" వ్రాతప్రతిలోని ఈ గీతలను చూచి ఆమె ముచ్చటపడెను. ఆయన తరువాత చిత్రకారుడగుటకు మొదటి మెట్టు ఆ చిత్తుకాగితములే. శుభ్రప్రతి మాత్రము దాచి చిత్తుప్రతి పాఱవేయు మనవంటివారి చేతిలో పడియున్నచో, ఆ పక్షులన్నియు ఎగిరిపోయియుండెడివి.

పోగొట్టుకొనుట లేదని కాదు. 1912లో ఆంగ్ల "గీతాంజలి" వ్రాతప్రతి నుంచిన చేతిపెట్టెను కుమారుడు రథీంద్రనాథుడు లండనులో భూగర్భపు రైలునందు మఱచి దిగెను. పోగొట్టుకొన్న వస్తువుల కార్యాలయమున మఱునాడు దొరికినప్పటి తన యవస్థను ఆయనయే వ్రాసికొనియున్నాడు. ఆ కవితల వ్రాతప్రతి రోథెన్‌స్టయిన్ అను చిత్రకారుని కాగితములతో బాటు నేడు అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయపు హౌటన్ గ్రంథాలయమున నున్నది. 1913లో వచ్చిన నోబెల్ పతకము మాత్రము 2004 మార్చిలో శాంతినికేతనమునుండి దొంగల పాలయ్యెను. బంగారము పోయినది, కాగితము నిలిచినది. దొంగలు కాగితమునకు విలువ కట్టరు, ఒక్కొక్కప్పుడది మేలే.

రైలులో చేతిపెట్టె మఱచిన ఆ రథీంద్రుడే తండ్రి కాగితములను కూడబెట్టుటలో ముఖ్యుడయ్యెను. 1941 ఆగస్టు 7న ఠాగూరుగారు కాలధర్మము నొందగా, మఱుసటి సంవత్సరమే శాంతినికేతనమున రవీంద్రభవనము స్థాపింపబడి, వ్రాతప్రతులును, వచ్చిన జాబులును, పంపిన జాబుల ప్రతులును, ఛాయాపటములును అందు చేరినవి. ఆ 1942 నుండియే విశ్వభారతివారు ఆయన జాబులను "చిఠిపత్ర" మను పేర సంపుటములుగా ప్రకటించుట మొదలిడిరి. 2013 నాటికి యాదవపుర విశ్వవిద్యాలయమువారు ఆయన వ్రాతప్రతులను, ముద్రితపాఠములను ఛాయలు తీసి, ఏ పంక్తి యే ప్రతిలో నెట్లు మాఱెనో ఇంటనుండియే పోల్చి చూచుకొనునట్లు "విచిత్ర" యను పేర కంప్యూటరునందు నిలిపిరి.

మా కన్నిటికంటె వింత గొలిపినవి జమాఖర్చు పుస్తకములు. ప్రశాంతకుమార పాల్ గారు తొమ్మిది సంపుటములలో "రవిజీవని" యను జీవితచరిత్ర వ్రాసిరి. ఆయన ఠాగూరు కుటుంబపు నగదు పుస్తకములను పంక్తి పంక్తిగా చదివిరి. ఏ నాడు ఎవరికి బండి కిరాయి యిచ్చిరి, ఎవరికి చెప్పులు కొనిరి, ఏ పంతులుకు జీత మిచ్చిరి అను పద్దులనుబట్టి, కవి యేనాడు ఏ యూర నుండెనో తేదీలు తేల్చిరి. గుమాస్తా వ్రాసిన పద్దు కవి వ్రాసిన జ్ఞాపకమును సరిదిద్దెను. మన కార్యవర్గమున కోశాధికారి పదవికి ఎవరును ముందుకు రారు; వారు వ్రాయు చిట్టాయే రేపు చరిత్ర యని తెలిసిన నెవరైన వత్తురేమో.

ఇక మొదట చెప్పెదమన్న దగ్గఱి సంబంధమునకు వత్తము. మన గుడుపల్లె మూడు భాషల పొలిమేర. కుప్పము మొదలగు నీ ప్రాంతము 1911లో చిత్తూరు జిల్లా యేర్పడువఱకు ఉత్తరార్కాటు జిల్లాలోనిది. మన స్టేషనులో రైలెక్కిన నొకవైపు జోలార్‌పేట, మఱియొకవైపు బౌరింగుపేట. అచ్చటనుండి కోలారు బంగారు గనులు. 1880 తరువాత ఆ గనులు పెరిగిన కొలది, వానలు లేని యేడెల్ల మన పల్లెలవారు అచ్చటికి పోయి భూమిలోపల పనిచేసి వచ్చెడివారు. 2001లో గనులు మూతపడువఱకు ఆ రాకపోకలు సాగినవి. మా తాతగారి తమ్ముడును అట్లు పోయినవాడే. ఆయన వ్రాసిన జాబులు మా యటకమీద రేకుపెట్టెలో నుండెడివి. ఇల్లు సున్నము వేయించుచు, ముప్పదియేండ్ల క్రిందట, ఆ పెట్టెలోని కాగితములను మేమే తూకమునకు అంగడివానికి వేసితిమి. ఎవరిమీదనో నెపము వేయుటకు వీలు లేదు. తక్కెడ పట్టి చూచినవారము మేమే. వారము దినములకు అదే యంగడిలో కొన్న మిరియాల పొట్లము విప్పగా పినతాతగారి దస్తూరి కనబడెను. పరుగెత్తి పోయితిమి. పదునొకండు కార్డులు మాత్రము మిగిలియుండెను.

వానిలో పది కార్డులలో "ఉభయకుశలోపరి" తరువాత డబ్బు, వాన, ఎద్దుల బేరము తప్ప వేఱు లేదు. పదునొకండవది 1918 చివర వ్రాసినది. ఆ యేడు దేశమంతట వ్యాపించిన విషజ్వరము గనుల లైన్లలో కూడ దిగెను. ఆయన జ్వరమున పడియుండగా మనవారెవరును తొంగిచూడలేదనియు, పక్కలైనులోని యొక కుటుంబము ఇరువది దినములు గంజి పోసి బ్రదికించెననియు, ఈ సంగతి యూర చెప్పవలదనియు అన్నగారికి వ్రాసికొనెను. ఆ కుటుంబము ఏ కులమువారో కార్డులో స్పష్టముగా నున్నది. మనవారు ఆనాడు వారి నీడ పడినను స్నానము చేసెడివారు.

మా యింట చిన్ననాటినుండి వినుచు వచ్చిన కథ వేఱు. పినతాతగారు ఇరువదియేండ్లు పరాయియూర నుండియు పరుల చేతి కూడు తినలేదనియు, తానే వండుకొని మడి కాచుకొనెననియు పెద్దలు మాకు చెప్పిరి. ఆ కథను మేమును మన పాత సంచిక నొకదానిలో "కులాచార నిష్ఠ" యను శీర్షిక క్రింద వ్రాసితిమి. అది యబద్ధము. చెప్పినవారు తెలిసియే చెప్పిరో, తెలియక చెప్పిరో. అన్నగారు మాత్రము మాట నిలుపుకొని జీవితాంతము వరకు ఎవరికిని చెప్పలేదు, కార్డును చింపనును లేదు. ఎందులకు చింపలేదో యని మేమెన్నియో రాత్రులు తలపోసితిమి.

ఈ మహాసభ సందర్భమున పాతకాగితముల ప్రదర్శన పెట్టుదమని మేము కార్యవర్గమున ప్రతిపాదించి, ఈ పదునొకండు కార్డుల సంగతి చెప్పగా, పది పెట్టుడు, ఆ యొక్కటి వలదని మాకు కావలసినవారే కొందఱనిరి. చనిపోయినవాడు చెప్పవలదని వ్రాసినదానిని బయటపెట్టుట ధర్మము కాదని వారి వాదము. అందులో న్యాయము లేకపోలేదు. "ఛిన్నపత్ర"మున వ్రాసినవాడే కొట్టివేసినదానిని 1960లో ప్రకటించినవారికిని ఈ ప్రశ్న యెదురయ్యే యుండును. కాని పినతాతగారు దాచుమన్నది వెలిపడుదునన్న భయముచేత. నేడు వెలివేయువారెవరు? ఆయన కంటిన భయమును మనము నూఱేండ్ల తరువాత కూడ ఆయన పేర మోయుచున్నామా యని మే మడిగితిమి. ఇరువది దినములు గంజి పోసినవారి పేరు మన చరిత్రలో లేకపోవుట న్యాయమా యనియు అడిగితిమి. అధ్యక్షులవారు కొంతసేపు పలుకలేదు. పిదప, "మీ యింటి కాగితము, మీ యిష్టము, కాని పాత సంచికలో వ్రాసినదానికి సవరణ కూడ మీరే వ్రాయవలెను" అనిరి. ఆ సవరణయే పైన చదువరులు చదివినది.

కార్డులు పదునొకండును సభామంటపమున ఎడమవైపు బల్లమీద అద్దము క్రింద నుండును. పక్కనే మదనపల్లె పుట ప్రతిరూపమును పెట్టుచున్నాము. సభకు వచ్చు మహాజనులు తమ యిండ్లలోని దస్తావేజులు, జాబులు, పాతసభల చందా పుస్తకములు, పెండ్లి శుభలేఖలు, పంచాయతీ తీర్పుల కాగితములు ఏవియున్నను వెంట తీసికొని రావలెనని కోరుచున్నాము. అసలు కాగితమును మేము తీసికొనము. ఎదుటనే ఛాయ తీసి, చిరునామా వ్రాసికొని, తిరిగి చేతికే యిచ్చెదము. అరవమున నున్నను, కన్నడమున నున్నను తేవచ్చును. చదువువారు మంటపముననే యుందురు. పురుగు తిన్నవి, తడిసినవి, అక్షరము చెరిగినవి అని సంకోచింప నక్కఱ లేదు. చిల్లులుపడిన కాగితమును మడత విప్పక అట్లే తెండు.